గాదె గది ఆక్రమణపై ఒక ఫిర్యాదు

ఈ ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలో తేలక పత్రికకెక్కుతున్నాను. పంచాయతీలో ఇద్దామంటే ఆక్రమణ జరిగింది రోడ్డు మార్జిన్‌లో కాదు, నా సొంత ఇంట్లో. పోలీసు స్టేషన్‌లో ఇద్దామంటే ముద్దాయి నా అల్లుడు. కట్నాల గొడవల్లో అల్లుళ్ళ మీద కేసులు పెట్టిన మామగార్లు ఉన్నారు గాని, సీసాల గొడవలో పెట్టినవాడు నాకు తెలిసి ఈ జిల్లాలో లేడు. ఎక్సైజు వారికి రాద్దామంటే అల్లుడుగారి రసీదులన్నీ ఫైల్లో తేదీల వరసన ఉన్నాయి. దొరకనివల్లా నా ఇంటిపన్ను రసీదులే. కాబట్టి పాఠకులే జడ్జీలు.

ఆస్తి వివరం: కంకిపాడులో బందరు రోడ్డుకు కాస్త లోపలగా మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు. అందులో ఒక గది. తూర్పున వంటిల్లు, పడమట ప్రహరీ, దక్షిణాన వసారా, ఉత్తరాన వేపచెట్టు. కిటికీ లేదు. గోడ మందం మూరెడు పైన. ఒకప్పుడు ధాన్యం గాదె ఉండేది కనుక గాదె గది. ఇప్పుడు వడ్లు కళ్ళంలోంచి తిన్నగా మిల్లుకు పోతున్నాయి గనక గాదె లేదు, పేరు మాత్రం ఉంది. రోహిణీ కార్తెలో బెజవాడ నలభై అయిదు డిగ్రీలు దాటి జనం సొమ్మసిల్లి పడిపోతున్న రోజుల్లో కూడా ఆ గదిలో అడుగు పెడితే ప్రాణం లేచొస్తుంది. మధ్యాహ్నం భోజనం చేసి నేను నడుం వాల్చేది అక్కడే.

నాతోపాటు అక్కడ కాపురం ఉండేవి మా ఆవిడ జాడీలు. ఆవకాయ, మాగాయ ఏటికేడాది వచ్చిపోయేవే. అసలు హక్కుదారు చింతకాయ తొక్కు. పిందె ముదిరి గింజ గట్టిపడకముందే కాయ కోయించి, ఉప్పూ పసుపూ వేసి రోట్లో దంచి, ఈనెలు తీసి, మూడో రోజు మళ్ళీ దంచి, పింగాణీ జాడీలోకి కూరి, పాత పంచెగుడ్డతో వాసెన కట్టి పెట్టిన తొక్కు అది. పెట్టినప్పుడు ఆకుపచ్చన. ఏడాదికి గోధుమరంగు. ఆ తర్వాత నలుపు. పెద్దమ్మాయి పెళ్ళినాటి జాడీ ఒకటుంది. దాంట్లోది గరిటెతో తీస్తే కాటుక. ఊళ్ళో ఎవరికి జ్వరం తగ్గినా, ఎవరింట్లో బాలింత ఉన్నా ‘పిన్నిగారూ, పథ్యానికి కాస్త పాత తొక్కు’ అంటూ గిన్నె పట్టుకొస్తారు. ఏసీ అడగలేదు, చీకటి అడగలేదు, తడిచెయ్యి పెట్టకపోతే చాలునంది. అలాంటి జాడీ ఇప్పుడు మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంది. చట్టం తెలిసినవారికి ఒక మాట మనవి చేస్తాను. ప్రైవేటు స్థలంలో పన్నెండేళ్ళు అడ్డూ ఆపూ లేకుండా స్వాధీనంలో ఉన్నవాడికి ఆ స్థలం మీద హక్కు వస్తుందని 1963 నాటి కాలపరిమితి చట్టం చెబుతోంది. నా తొక్కు జాడీకి ఆ పన్నెండు ఎప్పుడో నిండాయి.

ఇక ముద్దాయి సంగతి. అల్లుడుగారు కాలిఫోర్నియాలో ఉద్యోగం చేసి, ఇప్పుడు అదే ఉద్యోగం మా పెరటి డాబా మీదనుంచి చేస్తున్నారు. రాత్రంతా మీటింగులు, పగలు నిద్ర. మనిషి మంచివాడు. సిగరెట్టు ముట్టడు, పేక ఆడడు. నాపా లోయ పక్కన కాపురం ఉండగా అంటించుకున్న వ్యసనం ఒక్కటే: పాత వైను. అది కూడా తాగడం కాదు, ‘టేస్ట్ చెయ్యడం’ అని మొదట్లోనే నాకు సవరణ ప్రతిపాదించారు. తోడుగా ఒక మిత్రమండలి జమైంది. బెజవాడ నుంచి ఒక గుండె డాక్టరుగారు, కైకలూరు వైపు రొయ్యల చెరువులున్న ఒక పెద్దమనిషి, లండన్‌లో చాలాకాలం ఉండి వచ్చి పెనమలూరులో ఇల్లు కట్టుకున్న ఒక రిటైర్డ్ ఇంజనీరు, ఆయన వెంట ఎప్పుడూ వచ్చి ఏమీ మాట్లాడని ఒక బావమరిది. నెలకో శనివారం సభ. వైను అనగానే మా వీధివాళ్ళకు కనిపించేది ‘వైన్స్’ బోర్డూ, దాని కింద ఇనుప గ్రిల్లూ, గ్రిల్లులోంచి చాచిన చెయ్యీను. మా గుమ్మం ముందు కార్లు ఆగడం చూసి, మేం పర్మిట్ రూము తెరిచామేమోనని ఎదురింటాయన ఒకరోజు అడిగి వెళ్ళాడు కూడా. ఆయన మొహంలో ఖండన కంటే ఆశ ఎక్కువ కనిపించింది.

ఆక్రమణ ఎలా జరిగిందంటే, ఒక మధ్యాహ్నం అల్లుడుగారు థర్మామీటరు పట్టుకుని ఇల్లంతా తిరిగారు. నాకు జ్వరమేమో చూడటానికి వచ్చారనుకుని నోరు తెరిచాను. ఆయన నన్ను దాటి గాదె గదిలోకి వెళ్ళి, గోడమీద చెయ్యేసి, ‘మామయ్యగారూ, ఇది సెల్లార్ అండీ’ అన్నారు. నేను కాదండీ గాదె అన్నాను. వారం తిరిగేసరికి గదికి ఏసీ వచ్చింది. రబ్బరు అంచు తలుపు వచ్చింది. తేమ కొలిచే గడియారం వచ్చింది. టేకు చట్రాలు వచ్చి, వాటిమీద సీసాలు వెల్లకిలా పడుకున్నాయి. నేను వసారాలోకి వచ్చి ఫ్యాను కింద కూర్చున్నాను.

న్యాయం చెప్పాలి గనక వారి వాదన కూడా నమోదు చేస్తున్నాను. వైనుకు పన్నెండు, పదమూడు డిగ్రీల చల్లదనం, డెబ్భై శాతం తేమ, చీకటి, కదలిక లేకపోవడం కావాలట. సీసాను పడుకోబెట్టేది బిరడా తడిగా ఉండటానికి. ఎండితే బిరడా కుంచించుకుపోయి గాలి దూరి లోపలిది పులిసిపోతుంది. ఎర్ర వైనులో ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ దిగిన వగరు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వగరు, రంగూ ఒకదాన్నొకటి పట్టుకుని బరువెక్కి మడ్డిగా అడుక్కి దిగుతాయి. పైన మిగిలింది మెత్తబడుతుంది. ఎరుపు పాలిపోయి ఇటుకరంగుకు వస్తుంది. తెల్ల వైను ముదిరి బంగారు రంగుకు పోతుంది. ఇదంతా నిదానంగా జరగాలి. వేడి తగిలితే ఆ నడక పరుగై, అణగాల్సిన వగరు అణగకముందే ద్రాక్షవాసన ఎగిరిపోయి, ఉడికిన పండు రుచి వస్తుంది.

ఇంతవరకూ నాకు బాగానే అర్థమైంది. అర్థం కానిది ఆ తర్వాత డాక్టరుగారు చెప్పిన మాట. ప్రపంచంలో తయారయ్యే వైనులో నూటికి తొంభై పాళ్ళు పైగా కొన్న ఏడాది రెండేళ్ళలో తాగెయ్యడానికేనట. దాచుకుంటే బాగుపడేది పిడికెడు. ఆ పిడికెట్లో ఏది ఎప్పుడు బాగుపడిందో బిరడా తీస్తే తప్ప తెలియదు. తీశాక మళ్ళీ దాచడానికి లేదు. మరి దాచడమెందుకండీ అని అడిగాను. రొయ్యల పెద్దమనిషి నావైపు జాలిగా చూసి, ‘అదేనండి దాని అందం’ అన్నాడు. మా ఆవిడ తొక్కు జాడీ తీసినప్పుడల్లా రుచి చూసి మళ్ళీ వాసెన కడుతుంది. అందులో అందం లేదు కాబోలు.

సభ జరిగే రోజు ఇంట్లో అమలయ్యే నిబంధనలు వేరే. ఆ పూట తిరగమోత వెయ్యకూడదు. కృష్ణా జిల్లాలో ఒక ఇంట్లో ఒక పూట తిరగమోత చప్పుడు వినపడలేదంటే ఇరుగుపొరుగు పలకరింపుకు వస్తారు, వచ్చారు కూడా. ఇంగువ డబ్బా మూత తియ్యకూడదు. గోంగూర పేరెత్తకూడదు. కారం తింటే నాలుక మీద వైను మంట పుడుతుందట, వగరు రెట్టింపవుతుందట. పనిమనిషి తల్లో మల్లెపూలు వసారాలో పెట్టి లోపలికి రావాలి. నేను సెంటు రాసుకోను గనక ఆ నిబంధన నాకు తగల్లేదు; గడ్డం గీసుకున్నాక పూసుకునే లోషన్ తగిలింది. సన్నకాడ గ్లాసుల్ని సబ్బుతో తోమకూడదు, వేణ్ణీళ్ళతో కడిగి నూగు రాలని గుడ్డతో తుడవాలి. నూగు రాలని గుడ్డ ఇంట్లో ఏముందని వెతికి వెతికి నా మంగళగిరి ఉత్తరీయాన్ని పట్టుకుపోయారు. మా షష్టిపూర్తికి వియ్యంకులు పెట్టింది అది.

అన్నింటికన్నా నన్ను కుదిపేసింది తమ్మపడిగ. మా తాతగారు తాంబూలం వేసుకుని ఉమ్మే ఇత్తడి తమ్మపడిగ అటకమీద ఉండేది. దాన్ని దించి చింతపండుతో తోమించి సభ మధ్యలో పెట్టారు. ఎకరం కౌలు ఖరీదు చేసే సీసా తెరిచి, గ్లాసులో మూడు వేళ్ళ లోతు పోసుకుని, వెలుతురుకెత్తి చూసి, గిరగిరా తిప్పి, ముక్కు లోపలికంటా దూర్చి, ఒక గుక్క నోట పట్టి, చెరుకురసం ఆఖరి చుక్క స్ట్రాతో లాగిన చప్పుడు చేసి, పుక్కిలించి, మా తాతగారి తమ్మపడిగలో ఉమ్మేశారు. అయిదుగురు పెద్దమనుషులు. వరసగా. మింగితే నాలుగో సీసాకల్లా ముక్కు పనిచెయ్యదని వారి సమాధానం. తాతగారు కనీసం ఆకూ వక్కా నమిలి సారం మింగాకే ఉమ్మేవారు.

ఉమ్మాక మాట్లాడతారు. నా ఫిర్యాదులో ముఖ్యమైన భాగం ఇదే కనుక వివరంగా రాస్తున్నాను. ఫ్రాన్సులోని బోర్దో నుంచి వచ్చిన ఒక పాత సీసా పుచ్చుకుని డాక్టరుగారు కళ్ళు మూసుకుని ‘పెన్సిలు చెక్కిన పొట్టు’ అన్నారు. ఇంజనీరుగారు ‘పాత తోలు’ అన్నారు. ఫ్రాన్సుదే బర్గండీ సీసా ఒకటి తీసినప్పుడు ‘తడిసిన ఆకులు, వెనకాల పశువుల కొట్టం’ అని ఏకగ్రీవమైంది. జర్మనీ తెల్ల వైను రీస్లింగ్‌లో కిరోసిన్ వాసన వస్తే అది పెట్టిపుట్టిన సీసాకు గుర్తట. ఇంకో జాతి తెల్ల ద్రాక్ష ఉంది, సోవిన్యోఁ బ్లాఁ అంటారు. దాంట్లో పిల్లి ఉచ్చ వాసన ఉంటుందని పుస్తకాల్లోనే రాశారట. అల్లుడుగారు ఆ పేజీ తీసి చూపించారు.

అయ్యా, మా పెరట్లో పశువుల కొట్టం ఉండేది. పెళ్ళిచూపులకు వచ్చినవారు ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నారని నేనే కూలగొట్టించాను. ఆ పెళ్ళిచూపులకు వచ్చింది ఈ అల్లుడుగారి తరఫు వాళ్ళే. కిరోసిన్ డబ్బా వంటింట్లోంచి పంపించడానికి గ్యాసు కనెక్షన్ కోసం ఎంత తిరిగానో అప్పటివాళ్ళకు తెలుసు. పిల్లి విషయం చెప్పనక్కర్లేదు, మా ఆవిడ ఇప్పటికీ చీపురు పట్టుకుని తిరుగుతోంది. డబ్బు ఖర్చుపెట్టి ఒక్కొక్కటిగా ఇంట్లోంచి వెళ్ళగొట్టిన వాసనలన్నీ ఇంకా ఎక్కువ డబ్బు పోసి సీసాల్లో తెప్పించి గాదె గదిలో పడుకోబెట్టారు. దీన్ని ఏమనాలో పాఠకులే చెప్పాలి.

నేనూ ఊరుకోలేదు. ప్రతివాదం కోసం కొంత చదివాను. 2001లో బోర్దో విశ్వవిద్యాలయంలో ఫ్రెదెరిక్ బ్రోషే అనే ఆయన, వైను శాస్త్రం చదివే 54 మంది విద్యార్థులకు ఒకే తెల్ల వైనును రెండు గ్లాసుల్లో ఇచ్చి, ఒకదాంట్లో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపాడు. రంగు గ్లాసును వాళ్ళు ఎర్ర వైనుకు వాడే మాటలతోనే వర్ణించారు. ఇది మొదటి సాక్ష్యం. రెండోది ఇంకా రసవత్తరం. అమెరికాలో రూడీ కుర్నియావాన్ అనే ఇండొనేషియా కుర్రాడు పాత వైన్ల పెద్ద రసికుడిగా పేరు మోసి, లాస్ ఏంజెలెస్ దగ్గర తన ఇంటి వంటగదిలోనే కొత్తదీ పాతదీ కలిపి, పాత లేబుళ్ళు అంటించి కోట్లకు అమ్మాడు. 2008లో న్యూయార్కు వేలానికి క్లో సాఁ దెనీ అనే బర్గండీ సీసాలు పెట్టాడు. లేబుళ్ళ మీద 1945 మొదలు 1971 దాకా సంవత్సరాలు. ఆ తోట యజమాని లోరాఁ పోంసో స్వయంగా దిగాడు. మా ఇంటివాళ్ళు ఆ వైను చెయ్యడం మొదలుపెట్టిందే 1980ల్లో కదయ్యా అన్నాడు. 2012లో అరెస్టు, 2014లో పదేళ్ళ శిక్ష. అప్పటిదాకా ఆ కుర్రాడి వంటింటి కషాయం పుక్కిలించి, తోలూ పెన్సిలు పొట్టూ కనిపెట్టిన మహానుభావులు ఎందరో లెక్క లేదు.

ఇదంతా నేను వసారాలో నిలబడి వినిపించాను. అల్లుడుగారు చాలా వినయంగా విని, ‘అందుకేనండీ మామయ్యగారూ, బ్లైండ్ టేస్టింగ్ చెయ్యాలి’ అని, సీసాలన్నిటికీ దినపత్రిక చుట్టారు. ఆ రోజు పేపరే. నేను ఇంకా చదవలేదు. ఆ తర్వాత ఆయన 1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన పెట్టిన పోటీ కథ ఎత్తుకున్నారు. తొమ్మిదిమంది ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, ఎరుపులోనూ తెలుపులోనూ కూడా తమ దేశపు సీసాల్ని కాదని కాలిఫోర్నియా సీసాలకే మొదటి స్థానం ఇచ్చారు. ఎరుపులో స్టాగ్స్ లీప్, తెలుపులో షాతో మాంటెలీనా, రెండూ 1973 పంట. కాలిఫోర్నియా అల్లుళ్ళకు ఈ కథ స్థలపురాణం. ప్రతి సభలోనూ పారాయణం అవుతుంది. మాట్లాడని బావమరిది కూడా అప్పుడు తల ఊపుతాడు.

వైనంటేనే మన నేలకు పరాయిదని నేను అనను. ఆ వాదన నిలవదు. బందరు రోడ్డు చివరన ఉన్న రేవులో ఇంగ్లీషువాళ్ళు 1611లోనే కొట్టు పెట్టారు. పర్షియా ఓడలు వచ్చిపోయే రేవు అది. ఆ రోజుల్లో మన తీరంలో ఉన్న దొరలు షిరాజ్ నుంచి వచ్చిన ద్రాక్షసారా తాగేవారు. ఆ తర్వాత మడైరా వచ్చింది. ఈ మడైరా సంగతి చదివినప్పుడే నా రక్తం ఉడికింది. అట్లాంటిక్‌లో పోర్చుగీసు వారి దీవి అది. అక్కడి వైను పీపాలు ఓడల్లో వేసుకుని భూమధ్యరేఖ దాటి మన వైపు వస్తే, ఆ ఉక్కకీ వేడికీ చెడిపోవడానికి బదులు రుచి పెరిగిందట. అది కనిపెట్టి ఇప్పుడు దీవిలోనే కావాలని వేడి పెట్టి చేస్తారు. మేలు రకమైతే పీపాల్ని ఇంటి కప్పు కింద అటకలమీద పెట్టి ఏళ్ళ తరబడి ఎండవేడికి మాగనిస్తారు. ఒకసారి వేడి తిని గట్టిపడ్డ సరుకు కనుక సీసా తెరిచినా నెలల తరబడి చెక్కుచెదరదు.

అంటే ఏమిటన్నమాట? ఎండలో ముదిరే వైను లోకంలో ఉంది. ఎండ కంకిపాడులో ఉంది. పెంకుల కింద అటక నా ఇంట్లోనే ఉంది. గాదె గది నాకు వదిలేసి ఆ మడైరా ఏదో తెచ్చి అటకెక్కిస్తే, కరెంటు బిల్లు లేదు, జాడీలకు దేశబహిష్కారం లేదు, మామాఅల్లుళ్ళకు పేచీ లేదు. ఈ ప్రతిపాదన లిఖితపూర్వకంగా సమర్పించాను. అల్లుడుగారు చదివి, ‘మంచి ఐడియానేనండి, కానీ బోర్దో కూడా ఉండాలి కదండీ’ అన్నారు. ఊళ్ళో పండేది కాదని బోర్దో ద్రాక్షకు ఉన్న మర్యాద ఊళ్ళో కాసే ఎండకు లేదు.

మనవాళ్ళు ఈ దారిలో పోనివాళ్ళేమీ కాదు. హైదరాబాదులో గ్రాన్యూల్స్ మందుల కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్ గారు, ఆయన శ్రీమతి ఉమ గారు కర్ణాటకలో హంపి కొండల ప్రాంతంలో ద్రాక్షతోట వేసి, ఇద్దరి పేర్లూ కలిపిన పేరుతో వైను చేస్తున్నారు. దంపతులిద్దరూ ఏడు ఖండాల్లోనూ మారథాన్లు పరిగెత్తినవారు. నేను అల్లుడుగారితో అన్నాను, మీరూ అలాగే కొండలమీదికి వెళ్ళి తోట వెయ్యండి, కావాలంటే పరిగెత్తండి కూడా, గాదె గది మాత్రం ఇవ్వండి అని.

సర్కారు వైపు నుంచి నాకు సాయం దొరుకుతుందన్న ఆశ కూడా లేదు. 1954లో మద్యనిషేధం గొడవలోనే ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది. 1995లో రామారావుగారు నిషేధం పెట్టారు, 1997లో ఆయన తర్వాతి ప్రభుత్వం సడలించింది. 2019 నుంచి అయిదేళ్ళు దుకాణాలు సర్కారే నడిపింది, ఎవరూ వినని పేర్ల సీసాలు అమ్మింది. 2024 అక్టోబరులో లాటరీ తీసి మళ్ళీ ప్రైవేటుకు ఇచ్చారు. ఈ చరిత్ర అంతటిలోనూ బ్రాందీ ఉంది, విస్కీ ఉంది, సారా ఉంది. మా వాళ్ళు తాగి ఉమ్మేసే సరుకు ఎవరి లెక్కలోనూ లేదు. విదేశీ వైను మీద దిగుమతి సుంకం భారీగా ఉండటంతో మిత్రమండలి పెట్టుకున్న ఆధారమంతా విమానం దిగేవాళ్ళే. మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందుచేత అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళొచ్చే ఊళ్ళోని పెద్దవాళ్ళంతా వీరి కూలీలయ్యారు. వెళ్ళేటప్పుడు సూట్‌కేసులో ఆవకాయ, వచ్చేటప్పుడు అదే చోట తువ్వాలు చుట్టిన సీసాలు. ఏకాదశి ఉపవాసాలుండే ఒక పెద్దావిడ, తనతో ఏం మోయించారో తెలియక, మనవడు పంపిన ద్రాక్షరసమని భద్రంగా తెచ్చి అల్లుడుగారి చేతుల్లో పెట్టి ఆశీర్వదించి వెళ్ళింది.

ఒక్క సీసా దగ్గర మాత్రం నేను నోరు మూసుకున్నాను. ఇంజనీరుగారు లండన్ నుంచి దాచి తెచ్చిన పోర్టు అది, పోర్చుగల్ సరుకు, బ్రాందీ కలిపి గట్టిచేసింది. లేబుల్ మీద 1977. ఆ ఏడాది డోరో లోయలో ద్రాక్ష అపురూపంగా పండిందని, పేరున్న ఇళ్ళవాళ్ళు చాలామంది దాన్ని మేలురకం సంవత్సరంగా ప్రకటించారని ఆయన చెబుతున్నారు. అక్కడ కోతలు సెప్టెంబరు, అక్టోబరుల్లో. నవంబరు 19న మాకు దిగువన దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. మా ఊరినుంచి ట్రాక్టర్లమీద అన్నం పొట్లాలు వేసుకుని వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ ద్రాక్ష తొక్కిన నెలలోనో రెండో నెలలోనో అవనిగడ్డ అవతల మేం చూసింది వీళ్ళకు చెప్పాలనిపించలేదు. డాక్టరుగారు అప్పటికి పుట్టలేదు. గ్లాసు నా చేతికిచ్చారు. వాసన చూశాను. ఎండు ఖర్జూరం, కాస్త బెల్లం మాడిన వాసన. తాగకుండా ఇచ్చేశాను. ఆ రోజు తమ్మపడిగ ఖాళీగా ఉంది. ఆ ఒక్క సీసా అందరూ మింగారు.

కరెంటు సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. మొన్న మే నెలలో గాలిదుమారానికి ఊళ్ళో కరెంటు పోయింది. రాత్రి పదింటికి పోయింది తెల్లారేదాకా లేదు. నేను పెరట్లో నులకమంచం మీద దోమలతో ఉన్నాను. అల్లుడుగారు ఆఫీసు కాల్ వదిలేసి, టార్చిలైటుతో వచ్చి, ఇన్వర్టరు వైర్లు నా గది ఫ్యానునుంచి పీకి గాదె గదికి తగిలించారు. ‘ఇరవై రెండుకొచ్చేసిందండీ మామయ్యగారూ’ అన్నారు గాభరాగా. నా ఒంటి సంగతి అడుగుతున్నారనుకుని, ఫర్వాలేదు బాబూ, ఓర్చుకోగలను అన్నాను.

ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నా తరఫున నిలబడ్డ ఏకైక సాక్షి మా ఆవిడ. జాడీలు పోగొట్టుకున్న బాధితురాలు కూడా. ఆవిడ సాక్ష్యం మీదే కేసంతా నిలుపుదామనుకున్నాను. పోయిన సభలో ఏమైందంటే, బోర్దో సీసా ఒకటి తీశారు. చాలా ఘనమైన సీసా. నలుగురూ తిప్పారు, పీల్చారు, ఉమ్మారు. డాక్టరుగారు ‘ఇంకా మూసుకుని ఉంది, గాలి తగలాలి’ అన్నారు. రొయ్యలాయన ‘భూమి వాసన’ అన్నాడు. అల్లుడుగారు ఏమీ అనలేక గ్లాసు తిప్పుతూ ఉన్నారు. మా ఆవిడ ఉప్పు లేని బిస్కెట్ల పళ్ళెం పెట్టడానికి వంగి, అదే ఊపులో తల వెనక్కి తీసుకుని, ‘బాబూ, ఇది వానకు తడిసి మడతలోనే ఆరిన పేపరు వాసన వస్తోంది, పారబొయ్యండి’ అంది.

సభ నిశ్శబ్దమైపోయింది. డాక్టరుగారు మళ్ళీ వాసన చూసి బిరడా చేతిలోకి తీసుకున్నారు. బిరడాకు ఒక్కోసారి ఒక రసాయనం పడుతుందట. లక్ష కోట్లలో రెండు మూడు పాళ్ళున్నా మంచి ముక్కు పట్టేస్తుందట. పట్టిన ముక్కుకు వచ్చేది సరిగ్గా ఆ తడి పేపరు వాసనేనట. అలవాటైన కొద్దీ ముక్కు దాన్ని గుర్తుపట్టడం మానేస్తుంది గనక, గంటసేపు పీల్చినవారికి దొరకనిది అప్పుడే వచ్చినావిడకు దొరికింది. నలభై ఏళ్ళుగా జాడీ వాసెన విప్పీ విప్పగానే బూజు మొదలైందో లేదో చెప్పే ముక్కు అది. నాకు కొత్తేమీ లేదు. వాళ్ళకు కొత్త. అల్లుడుగారు లేచి నిలబడి ‘అత్తయ్యగారూ, మీరిక్కడ కూర్చోండి’ అని తన కుర్చీ ఇచ్చారు.

ఆవిడ చుక్క నోట పెట్టుకోదు. అయినా ఆ రోజునుంచి ఏ సీసా తీసినా ముందు గ్లాసు ఆవిడ ముక్కు కిందికే వెడుతోంది. ఆవిడ తల ఊపితేనే మిగతావారు పోసుకుంటున్నారు. కైకలూరు ఆయన పిన్నిగారూ అనడం మానేసి మేడమ్ అంటున్నాడు. తొక్కు జాడీ వాపసు మాట ఎత్తితే, ‘మెట్ల కింద బాగానే ఉందిగా, దానికేం పట్టింపులు లేవు’ అంటోంది నాతో. ఏసీ పదమూడుకు పెట్టారో పద్నాలుగుకు పెట్టారో రాత్రి పడుకోబోయే ముందు వెళ్ళి చూసొస్తోంది.

వచ్చే శనివారం మళ్ళీ సభ. ఈసారి నిబంధనలు అల్లుడుగారు చెప్పలేదు, ఆవిడే చెప్పింది. నేను ముక్కుపొడుం ఆ రోజు పూర్తిగా మానాలి. జండూబామ్ రాసుకోకూడదు, మోకాలు మరీ నొప్పెడితే వేణ్ణీళ్ళ కాపడం. వెంకటేశ్వరస్వామి పటం ముందు అగరుబత్తి తెల్లవారుజామునే వెలిగించి, అది ఆరిపోయాక కిటికీలన్నీ తీసి, పొగ పోయిందనుకున్నాక తలుపులు వెయ్యాలి. శనివారం కదే, స్వామివారి రోజు, సాయంత్రం హారతి మాటేమిటన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, కర్పూరం విషయం డాక్టరుగారిని కనుక్కుని చెబుతానంది.